ఆ 64 కిలోమీటర్లు

మా ఇంటి హాల్లో టీవీ పక్కన ఒక షీల్డు ఉంది. పెర్త్‌లో మన తెలుగువాళ్ళు సంక్రాంతి సభకి పిలిచి, శాలువా కప్పి, చేతిలో పెట్టింది. ‘పెర్త్ నుంచి అడిలైడ్ దాకా 2,700 కిలోమీటర్లు, ఒంటరిగా, ఎవరి సాయమూ లేకుండా’ అని దాని మీద బంగారు రంగు అక్షరాలు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ చదువుతారు. చదివి నావైపు చూస్తారు. నేను ‘ఆ... ఏదోలెండి’ అని తల దించుకుంటాను. వినయం అనుకుంటారు. వినయం కాదు. అందులో 64 కిలోమీటర్లు నేను తొక్కలేదు.

మూడేళ్ళుగా గొంతులో ముల్లులా ఉన్న మాట ఇది. మీకు చెబుతున్నాను. మీరూ ఎప్పుడో ఒకప్పుడు నలుగురిలో గొప్ప కోసం నోరు జారి ఉంటారు, ఆ తర్వాత దాన్ని దిద్దుకునే సమయం దాటిపోయి ఉంటుంది. కాబట్టి మీకు అర్థమవుతుంది.

మాది కనిగిరి పక్క పల్లె. పదహారేళ్ళుగా పెర్త్‌లో లెక్కల ఉద్యోగం. నలభై దాటాక డాక్టరు చెబితే సైకిల్ ఎక్కాను, ఎక్కాక దిగలేదు. మెల్‌బోర్న్‌లో ఉండే మా బావమరిది ఓ రాత్రి ఫోన్లో ‘బావా, ఈ వయసులో ఊళ్ళో తొక్కుకుంటే చాల్లే, నల్లార్బర్ దాటడం అందరివల్లా అవుతుందా’ అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. నాకు మాత్రం ఆ ‘అందరివల్లా’ అన్నమాట రాత్రంతా చెవిలో దోమలా తిరిగింది. తెల్లారేసరికి సెలవు చీటీ రాసేశాను.

వెళ్ళడం తప్పు కాదు. నేను పెట్టుకున్న నియమం తప్పు. దారిలో రోడ్‌హౌస్‌లో, అంటే పెట్రోలు, తిండి, పడక దొరికే మజిలీలో, డబ్బిచ్చి కొన్నది తప్ప ఎవరి చేతినుంచీ ఏమీ తీసుకోను, మంచినీళ్ళు కూడా. ఇలా దూరాలు తొక్కేవాళ్ళెవరూ ఇంత మడి కట్టుకోరు. దారినపోయేవాళ్ళు నీళ్ళిస్తే దణ్ణం పెట్టి తాగుతారు. నాకు మాత్రం వెనక్కి వచ్చాక ‘చుక్క నీళ్ళు కూడా ఎవరినీ అడగలేదు’ అని చెప్పుకోవాలని ఉండేది. ఆ వాక్యం ముందే తయారైపోయింది. ప్రయాణం దానికోసం చేశాను.

నల్లార్బర్ గురించి రెండు మాటలు చెప్పాలి. ఆస్ట్రేలియా దక్షిణపు అంచున సుమారు రెండు లక్షల చదరపు కిలోమీటర్ల సున్నపురాయి పీఠం అది. ‘చెట్టు లేనిది’ అని లాటిన్‌లో ఆ పేరుకి అర్థం. వాన పడినా నీళ్ళు పైన నిలవవు, రాతి పగుళ్ళలోకి ఇంకిపోతాయి. ఏరు లేదు, వాగు లేదు. 1841లో ఎడ్వర్డ్ జాన్ ఎయిర్ ఈ తీరం వెంబడి నడిచాడు. ఇసుకదిబ్బల్లో ఎక్కడ తవ్వితే నీళ్ళు పడతాయో అక్కడి ఆదివాసులు చూపించబట్టే ఆయన కొన్నిచోట్ల బతికి బయటపడ్డాడు. ఇప్పుడు ఆయన పేరుతోనే ఎయిర్ హైవే ఉంది. దాని మీద నార్స్‌మన్ నుంచి బల్లడోనియాకి 191 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి కైగునాకి 182. మధ్యలో ఊరు లేదు, కొట్టు లేదు. ఫోన్ సిగ్నల్ రోడ్‌హౌస్ దాటాక ఆశ వదులుకోవడమే.

ఇదంతా చదువుకునే వెళ్ళాను. 1896లో ఆర్థర్ రిచర్డ్‌సన్ అనే ఆయన చిన్న మూట, ఒక నీళ్ళ సంచి తగిలించుకుని, టెలిగ్రాఫ్ తీగల వెంట కూల్గార్డీ నుంచి అడిలైడ్‌కి 31 రోజుల్లో సైకిల్ మీద వెళ్ళాడని కూడా చదివాను. తారురోడ్డు లేదు, గేర్లు లేవు. ఆయన వెళ్ళాడు కదా, నేను వెళ్ళలేనా అనుకున్నాను. ఆయన పక్కన నా పేరు పెట్టి చూసుకున్నాను కూడా.

నార్స్‌మన్ నుంచి బల్లడోనియా 191 కిలోమీటర్లు ఒక్క రోజులో, ఎనిమిదిన్నర గంటల్లో కొట్టేశాను. పొద్దుటినుంచీ పడమటి గాలి వెనకనుంచి తోస్తూనే ఉంది. సైకిల్ తొక్కే ప్రతివాడికీ ఉండే జబ్బు ఇది. గాలి ఎదురొస్తే గాలిని తిట్టుకుంటాం, వెనకనుంచి తోస్తే మాత్రం కాళ్ళలో బలం అనుకుంటాం. ఆ సాయంత్రం నేను స్నానం చేసి తొడలు నిమురుకుంటూ, చాలామంది దారిలో డేరా వేసుకుని రెండ్రోజుల్లో వెళ్ళే ఆ కైగునా దూరం కూడా రేపు ఒక్కరోజులో లాగేస్తాను అని తీర్మానించుకున్నాను.

బల్లడోనియా రోడ్‌హౌస్‌లో చిన్న మ్యూజియం ఉంది. 1979 జూలైలో స్కైలాబ్ అంతరిక్ష కేంద్రం ముక్కలు పడింది ఆ చుట్టుపక్కలే. అక్కడ నిలబడితే మా అమ్మ గుర్తొచ్చింది. ఆ ఏడాది స్కైలాబ్ మన నెత్తినే పడుతుందని మా ఊళ్ళో అందరూ ఉన్న కోళ్ళన్నీ కోసుకు తిన్నారట, అప్పులు తీర్చడం మానేశారట. నాకప్పుడు మూడేళ్ళు. అమ్మ నన్ను చంకనేసుకుని మూడు రాత్రులు ఆకాశం చూస్తూ కూర్చుందట. అది చివరికి పడింది ఇక్కడ, నేను చాక్లెట్ కొనుక్కుంటున్న ఈ చోట. దేవుడు నాకోసం ఏదో గీత గీశాడనిపించింది. గర్వం ఎక్కినవాడికి ప్రతిదీ శుభశకునమే.

కౌంటర్ దగ్గర అమ్మాయి ‘రేపు ఉత్తరపు గాలి, బాగా వేడి’ అని చెప్పింది. విన్నాను. విని, గదికెళ్ళి లెక్క వేసుకున్నాను. లీటరు నీళ్ళంటే కిలో బరువు. నా సీసాల్లో, సంచుల్లో కలిపి పన్నెండు లీటర్లు పడతాయి. పన్నెండు కిలోలు మోస్తే వేగం తగ్గుతుంది. గంటకి పాతిక చొప్పున ఏడెనిమిది గంటల్లో చేరిపోతాను కాబట్టి ఆరు లీటర్లు చాలు. పద్దు సరిపోయింది. ఇరవై ఏళ్ళ లెక్కల అనుభవం ఉన్నవాణ్ణి, గాలిని పద్దులో రాయలేదు.

పొద్దున్నే ఐదింటికి, అప్పుడే సూర్యుడు వస్తుండగా బయల్దేరాను. ముప్ఫై అయిదు కిలోమీటర్ల దగ్గర ఆ బోర్డు వచ్చింది. తొంభై మైళ్ళ తిన్నని దారి, ఆస్ట్రేలియాలోకెల్లా పొడవైనది, 146.6 కిలోమీటర్లు. అక్కణ్ణుంచి కైగునా పొలిమేర దాకా రోడ్డు ఒక్కచోట కూడా వంగదు. దారం పెట్టి గీసినట్టు, ఆకాశం అంచులో సన్నని సూదిమొనలా కలిసిపోతుంది. నేను దిగి, ఫోన్ని రాయి మీద నిలబెట్టి, టైమర్ పెట్టి, బోర్డు పక్కన ఫోటోలు తీసుకున్నాను. సైకిల్ ఎత్తి పట్టుకుని, చేతులు కట్టుకుని, దూరంగా చూస్తున్నట్టు. నలభై నిమిషాలు. చల్లటి పొద్దుటి పూట నలభై నిమిషాలంటే ఆ రోజుకి పదిహేను కిలోమీటర్లు. అవి నేను బోర్డు పాదాల దగ్గర పారబోసుకున్నాను.

తొమ్మిదింటికి గాలి లేచింది. ఈశాన్యం నుంచి, సరిగ్గా మొహానికి ఎడమ పక్క. ఎడారి మీదనుంచి వచ్చే గాలి అది. మా ఊళ్ళో మే నెల వడగాలి తెలుసు నాకు, కానీ అక్కడ వడగాలి వస్తే తలుపేసుకుంటాం. ఇక్కడ దానికి ఎదురు తొక్కుతున్నాను. వేగం పద్దెనిమిదికి పడింది, పధ్నాలుగు, పది. ఈగలు పెదాల మీద, కళ్ళ కొసల్లో, ముక్కు లోపల. ఎదురుగా రోడ్ ట్రైన్ వచ్చిందంటే, ఒక ఇంజనుకి రెండు మూడు ట్రైలర్లు తగిలించిన లారీ అది, గాలి గోడలా వచ్చి కొడుతుంది. సైకిల్ కంకర మీదకి దింపి, తల వంచుకుని, అది పోయేదాకా ఆగి మళ్ళీ ఎక్కాలి.

పదకొండింటికి ఒక కారు నెమ్మదించి పక్కన ఆగింది. వెనక కారవాన్. ఉద్యోగాలయ్యాక ఇంటికి తాళం వేసి దేశం తిరిగే ముసలి దంపతులు. ఆవిడ అద్దం దించి, చెయ్యి బయటకి చాపింది. చేతిలో సీసా. లోపల ఐసు ముక్కలు, బయట చెమట పట్టినట్టు నీటి బొట్లు. ఒక బొట్టు సీసా మీదనుంచి జారి, ఆవిడ మణికట్టు మీద ఆగి, కింద తారు మీద పడింది. పడ్డ చోట నల్లగా ఒక చుక్క కనపడి, నేను చూస్తుండగానే ఆరిపోయింది. ‘తీసుకో బాబూ’ అన్నట్టుగానే ఉంది ఆవిడ మొహం. నేను నవ్వి, వద్దండీ, నా దగ్గర కావలసినన్ని ఉన్నాయి, నేను ఎవరి సాయమూ లేకుండా వెళ్తున్నాను అన్నాను. ఆవిడ రెండోసారి కూడా అడిగింది. రెండోసారి కూడా వద్దన్నాను. అప్పటికి నా దగ్గర మిగిలింది లీటరున్నర.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. మా ఊరివైపు నీళ్ళలో ఫ్లోరైడ్. నా చిన్నప్పుడు మంచినీళ్ళ కోసం అమ్మ రెండు మైళ్ళు బిందె మోసేది. ఎండాకాలం రాగానే బస్టాండు దగ్గర పందిరి వేసి, కొత్త కుండలు ఇసుకలో కుదుర్చి, తడిగుడ్డ చుట్టి, చలివేంద్రం పెట్టేవారు. పెట్టినవాళ్ళు ఎవరో, తాగినవాళ్ళు ఎవరో. దాహమైనవాడికి నీళ్ళివ్వడం పుణ్యమని ఎంత చెప్పారో, ఇచ్చిన నీళ్ళు కాదనకూడదని కూడా అంతే చెప్పారు. గుమ్మంలోకొచ్చినవాడు గ్లాసు ముట్టకుండా వెళ్ళిపోతే అమ్మ రోజంతా బాధపడేది. ఆ ఇంట్లో పుట్టినవాణ్ణి, ఒక ముసలావిడ ఎండలో బండి ఆపి చాపిన చేతిని రెండుసార్లు వెనక్కి పంపాను. ఆ రోజు చేసిన తెలివితక్కువ పనులన్నింటిలో నాకు ఇప్పటికీ కడుపులో దేవేది ఇదొక్కటే.

రెండింటికి నీళ్ళైపోయాయి. ముందు చెమట ఆగిపోయింది. చొక్కా మీద ఉప్పు తెల్లగా పొరకట్టి, వంగితే పెళుసుగా విరిగేది. పొద్దుటినుంచి ఒంటికి వెళ్ళలేదని అప్పుడు గుర్తొచ్చింది. పిక్కలు పట్టేస్తున్నాయి, దిగితే నిలబడలేను, ఎక్కితే తొక్కలేను. రోడ్డు వంగదు కాబట్టి ఎంత తొక్కినా ఎదురుగా అదే సూదిమొన, ఒక్క అంగుళం దగ్గరకి రాదు. ఒక చోట రోడ్డు పక్కన బండ్లు ఆపుకునే జాగా వచ్చింది. కొన్నిచోట్ల వాన నీళ్ళ తొట్టి ఉంటుందని పరుగులాంటి నడకతో వెళ్ళాను. బల్ల ఉంది, చెత్తడబ్బా ఉంది. తొట్టి లేదు. మూత ఎత్తి చెత్తడబ్బాలోకి చెయ్యి పెట్టాను. కోలా సీసా అడుగున వేలెడు, వెచ్చగా, గ్యాసు పోయి. తాగేశాను. ఇంకోటి దొరుకుతుందేమోనని భుజం దాకా చెయ్యి పెట్టి వెతికాను. దొరకలేదు. మళ్ళీ రోడ్డెక్కాను. ఇంకో రెండు కిలోమీటర్ల తర్వాత గడ్డిలో ఒక సీసా మెరిసింది. నిండుగా ఉంది. పసుపు రంగు. ఎవరో జ్యూసు సీసా జారవిడిచారు, దేవుడున్నాడు అనుకుని సైకిల్ అక్కడే పడేసి, మోకాళ్ళ మీద కూర్చుని, వణికే వేళ్ళతో మూత తిప్పి, పెదాల దాకా తెచ్చి, అప్పుడు వాసన తగిలింది. లారీలు ఆపడానికి వీల్లేని డ్రైవర్లు కొందరు సీసాలో పోసి బయటికి విసిరేది అది. నేను దాన్ని పెదాలదాకా తెచ్చుకున్నాను. షీల్డు మీద ఈ సంగతి లేదు.

నా సంచిలో నారింజ రంగు బీకన్ ఉంది. మా ఆవిడ కొనిచ్చింది. నొక్కితే ఉపగ్రహానికి కబురెళ్ళి, నన్ను వెతుక్కుంటూ వస్తారు. తీసి చేతిలో పట్టుకున్నాను కూడా. నొక్కలేదు. నొక్కితే అందరికీ తెలుస్తుంది. చావు దగ్గర్లో ఉందో లేదో నాకు తెలియదు కానీ, ఆ క్షణంలో చావుకన్నా పరువు పెద్దదిగా కనిపించింది. ఇది రాస్తుంటే చెయ్యి ఆగుతోంది.

బీకన్ లోపల పెట్టి, కార్లని ఆపుదామనుకున్నాను. ఒక కారు వస్తోంది. చెయ్యెత్తాను. పూర్తిగా కాదు, సగం, భుజం దాకా. కారు డ్రైవరు నవ్వి, తనూ చెయ్యూపి వెళ్ళిపోయాడు. ఆ రోడ్డు మీద ఎదురుపడ్డవాళ్ళు ఒకరికొకరు చెయ్యూపడం ఆనవాయితీ. పావుగంట తర్వాత రెండో కారు. మళ్ళీ సగం చెయ్యి. వాళ్ళూ ఊపారు, వెనక సీటులో పిల్లలు కూడా ఊపారు. నేను అడగలేదని నాకప్పుడు అర్థమైంది. నాకు నీళ్ళు కావాలి, కానీ అడిగినట్టు ఉండకూడదు. వాళ్ళంతట వాళ్ళు ఆగాలి, వాళ్ళంతట వాళ్ళు ఇవ్వాలి. అలా ఇచ్చినావిడని పొద్దున్నే పంపించేశాను.

మూడోది పడమటి నుంచి, నా వెనకనుంచి వచ్చిన రోడ్ ట్రైన్. సైకిల్ పడుకోబెట్టి, రోడ్డు అంచున నిలబడి, ఖాళీ సీసా తలకిందులుగా పట్టుకుని, రెండు చేతులూ పైకెత్తి ఊపాను. ఏడుస్తున్నానని తెలుసు, కన్నీళ్ళు మాత్రం రాలేదు. ఒంట్లో నీళ్ళుంటేగా. అది బుస్సుమంటూ నన్ను దాటి, అంత బరువు ఆగాలి కదా, మూడు నాలుగు వందల మీటర్ల అవతల ఆగింది.

దిగినాయన తలపాగా చుట్టుకున్న సర్దార్జీ. అరవై దగ్గర వయసు. ఆ రోడ్డు మీద పంజాబీ డ్రైవర్లు చాలామంది. నన్ను చూసి ‘ఇండియా?’ అని ఒక్క మాట అడిగి, జవాబు వినకుండానే రెక్క పట్టుకుని లారీ నీడలో కూర్చోబెట్టాడు. నీళ్ళ డబ్బా దించి, స్టీలు గ్లాసులో సగం పోసి, చిటికెడు ఉప్పు, చెంచాడు చక్కెర వేసి వేలితో కలిపాడు. నేను గ్లాసు లాక్కోబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. ‘ఏక్ ఏక్ ఘూంట్’ అన్నాడు. ఒక్కో గుక్క. గ్లాసు ఆయనే పట్టుకుని తాగించాడు, జొరం వచ్చిన పిల్లాడికి తాగించినట్టు. మూడో గ్లాసుకి నాకు చూపు కుదురుకుంది. అప్పుడు కనపడింది, ఆ గ్లాసు అంచు కింద చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు. మన ఇళ్ళల్లో పెళ్ళి సామాను మీద కొట్టిస్తారే, అలాగే. అక్షరాలు గురుముఖివి.

నా మీటరు మీద 118 ఉంది. అంటే కైగునాకి ఇంకా 64. సర్దార్జీ సైకిల్ ఎత్తి ట్రైలర్ మీద ఖాళీ చోట పట్టీలతో బిగించేస్తున్నాడు. నేను కూర్చున్నచోటు నుంచే ‘పాజీ, నేను తొక్కుకుంటూ వస్తాను’ అన్నాను. అవును, అప్పుడు కూడా అన్నాను. ఆయన పని ఆపలేదు, నావైపు తిరగలేదు. ‘మీ ఇంట్లో ఎవరెవరున్నారు?’ అని అడిగాడు హిందీలో. భార్య, ఇద్దరు పిల్లలు అని చెప్పాను. తలుపు తెరిచి ‘ఎక్కు’ అన్నాడు.

ఆ 64 కిలోమీటర్లు గంట కూడా పట్టలేదు. ఏసీ గాలిలో, ఒళ్ళో డబ్బాతో. అందులో రొట్టెలు, మామిడికాయ పచ్చడి. పచ్చడి నాలుకకి తగలగానే పగిలిన పెదాలు భగ్గుమన్నాయి, అయినా వదల్లేదు. ఆయన ఏమీ అడగలేదు, ఎందుకిలా చేశావనీ అనలేదు. కైగునాలో సైకిల్ దించి, నీళ్ళ సీసాలన్నీ తనే నింపి, భుజం తట్టి, తూర్పుకి వెళ్ళిపోయాడు. నేను గడియారం ముందుకి తిప్పుకున్నాను. కైగునా నుంచి తూర్పుగా ఆ కొద్ది రోడ్‌హౌస్‌లూ పెర్త్ కన్నా 45 నిమిషాలు ముందు నడుస్తాయి. ఆ ముప్పావుగంట అక్కడ పోయింది, నిజం చెప్పే ధైర్యం కూడా అక్కడే పోయిందనిపిస్తుంది.

మర్నాడు గాలి తిరిగింది. నైరుతి నుంచి చల్లగా, వెనకనుంచి. రాత్రంతా అనుకున్నాను, పడమటికి తిరిగి వెళ్ళి ఆ 64 తొక్కి వద్దామని. పొద్దున్నే ఆ వెనకగాలి వీపుకి తగలగానే తూర్పుకి వెళ్ళిపోయాను. అడిలైడ్ చేరాను. అందరూ ఫోన్లు చేశారు. బావమరిది ‘బావా, తప్పైపోయింది, నువ్వు మనిషివి కాదు’ అన్నాడు. మా ఆవిడ మాత్రం ‘ఆ బల్లడోనియా నుంచి ఫోన్ చేసిన మర్నాడు ఎలా గడిచింది?’ అని అడిగింది. ‘కొంచెం ఎండ’ అన్నాను.

ఇదంతా రాసి మొన్న రాత్రి ముందు ఆవిడకే ఇచ్చాను. వంటింట్లో నిలబడే చదివింది. చెత్తడబ్బా గురించి ఏమీ అనలేదు, షీల్డు గురించి అనలేదు. కాగితాలు బల్ల మీద పెట్టి, ‘ఆయన పేరేంటండీ?’ అని అడిగింది.

నాకు తెలియదు. అడగలేదు. మర్చిపోయి కాదు. పేరు అడిగితే, ఫోన్ నంబరు తీసుకుంటే, ఫోటో దిగితే, నా ప్రయాణంలో ఆయన ఉన్నట్టు అవుతుంది. ఉండకూడదనుకున్నాను. ఆ రోజు బోర్డు దగ్గర తీసుకున్న ఫోటోలు ఇప్పటికీ ఫోన్లో ఉన్నాయి, మా ఆవిడ ఎదుటే లెక్కపెట్టాను, 43. ఆయనది ఒక్కటి లేదు. పేరు మాత్రం మూడు గ్లాసుల సేపు నా కళ్ళకి జానెడు దూరంలోనే ఉంది, చుక్కలు చుక్కలుగా, నాకు చదవడం రాని అక్షరాల్లో.